గోడ అవతలి ఏడుపు

1968 ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా అత్త చేతిలో కవ్వం ఆగిపోయింది. సమయం నాకెలా తెలుసంటే, ప్రతి ఆదివారం గోడ గడియారానికి కీ ఇవ్వడం నా పని. స్టూలెక్కి ఆ పనే చేస్తున్నాను.

వరసకు మా అత్తను పిన్నీ అని పిలిచే ఆవిడ రెండిళ్ల అవతల ఉండేది. విజయనగరం వెళ్లొచ్చి, ఆ కబుర్లు చెప్పడానికి పొద్దున్నే మా గుమ్మంలో కూర్చుంది.

"పాత ఆడాసుపత్రి ఉన్నాది కాదేటి పిన్నీ, దాన్నిప్పుడు మూజియం సేసినారు. కత్తులూ, సీసాలూ, మంచాలూ అన్నీ అద్దాల్లో పెట్టినారు. జనం ఆటికోసం ఎల్లట్నేదు. ఎనకాల వార్డులో సంటిపిల్ల ఏడుపు ఇనపడతాదట. మట్టమద్దేనం కూడాను. మా తోటికోడలు తన సెవుల్తో ఇన్నాది. సెప్పులక్కడే ఇడిసేసి గేటు దాకా పరుగు."

"నువ్విన్నావేటి?" అంది అత్త.

"ఓలమ్మో! నానెందుకు లోపలికెల్తాను? గేటుకాడే నిలబడ్డాను."

అప్పుడే కవ్వం ఆగింది. "ఏ పక్క నుంచి ఇనపడతాదట? ఎడమ పక్కా, కుడి పక్కా?"

"దెయ్యానికి ఎడమేటి, కుడేటి పిన్నీ?" అని ఆవిడ నవ్వింది. అత్త నవ్వలేదు. మజ్జిగ చిలకడం పూర్తిచేసి, వెన్న తీసి, చేతులు కడుక్కుని వచ్చి నాతో, "శనివారం ఎల్దాం. నువ్వూ నానూ" అంది.

మా అత్తకు అప్పటికి నలభై ఏడేళ్లు. నేను కాపురానికొచ్చిన రెండేళ్ల ఎనిమిది నెలల్లో ఆవిడ ఏదైనా చూడ్డానికని గడప దాటగా నేను చూడలేదు. సినిమాకు రమ్మంటే, "ఆవుకి నీలెవరు పెడతారు?" అనేది. అలాంటి మనిషి దెయ్యాన్ని చూడ్డానికి రైలెక్కుతానంటోంది. మా మామగారు మెట్ట మీద గోగుకట్టలు లెక్కపెట్టి అప్పుడే వచ్చారు. సంగతి విని, "దెయ్యాన్ని సూడ్డానికి అంత దూరమెందుకే, అద్దముంది కదా ఇంట్లో" అన్నారు. అత్త ఆయన వైపు చూడనైనా చూడలేదు.

ఫిబ్రవరి 17, శనివారం. ఆమదాలవలసలో ఎనిమిదీ ఇరవైకి రావలసిన పాసింజరు ఎనిమిదీ యాభై అయిదుకు వచ్చింది. మా ఇద్దరి దగ్గరా ఉన్నవి ఒక చేతిసంచి, మా మామగారి నల్ల గొడుగు, నా లెక్కల పుస్తకం, పెన్సిలు. ఆ పుస్తకంలో తేదీలు, పాల కొలతలు, ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నీ రాసేదాన్ని. మా నాన్న నేర్పిన అలవాటు. ఇప్పటికీ పోలేదు. ఇది రాస్తున్నది ఆ పుస్తకం చూసుకునే.

పొందూరు దాటాక పెట్టెలో జనం పల్చబడ్డారు. కిటికీ పక్కన కూర్చున్న అత్త నా వైపు తిరగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"నీ మొగుడు నాకు పెద్దోడు. ఆడి తరవాత ఒక ఆడగుంట పుట్టింది. ఆ ఆసుపత్రిలోనే. నెల ముందొచ్చీసినాయి నొప్పులు. మా అమ్మ నన్ను పుట్టింటికాడ్నించి బండిలో ఏసుకుని తెచ్చింది. పుట్టీసరికి ఒకావిడ బుట్టలో ఎట్టుకుని పక్క గదిలోకెల్లిపోయింది. నాకు మొహం కూడా సూపించనేదు. గోడ అవతల ఏడుపు ఇన్నాను. ఎడం పక్క గోడ. 'అమ్మా, నా గుంట ఏడస్తన్నాది' అన్నాను. 'నీది కాదే, పక్కావిడ పిల్ల' అన్నాది మా అమ్మ. తెల్లారేక, 'నీ పిల్ల ఏడవనేదే, పుట్టడమే అలగ పుట్టింది' అన్నారు. అందరూ అదే మాట. జొరంలో ఏటో ఇన్నావన్నారు. మా అమ్మ పోయీదాకా అడిగినాను. పోయీదాకా అదే సెప్పింది."

మా వైపు ఒక పద్ధతి ఉండేది. పుట్టి ఏడవని బిడ్డను కాన్పుల లెక్కలో వేయరు. పురుడు పట్టరు, పేరు అనుకోరు. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే ఆ బిడ్డను చెప్పకూడదు. ఒక్కసారి ఏడ్చినా చాలు, ఆ బిడ్డ లెక్కలోకి వస్తుంది. పోయినా సరే, తల్లి చెప్పుకోవచ్చు. మా అత్త ఇన్నేళ్లూ "నలుగురు" అనే చెప్పింది. నాతో కూడా అదే చెప్పింది.

"ఏడిసిందో నేదో తేలాలి" అంది. "ఏడిస్తే అది నా రెండో పిల్ల. నేకపోతే నేదు."

"దెయ్యమంటే బయం నేదా అత్తా?"

"నా గుంటంటే నాకు బయమేటే? దెయ్యమైనా నాదే కదా. ఎల్లి పలకరించొద్దా?"

నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఏ స్టేషను ఎప్పుడు దాటామో ఆ తర్వాత రాసుకోలేదు. ఆ రోజు పేజీలో అక్కడ ఖాళీ ఉంది.

పదకొండూ పాతికకు విజయనగరం. రిక్షాలో మ్యూజియం చేరేసరికి పావుతక్కువ పన్నెండు. పెంకుల కప్పు, సున్నపు గోడలు, చుట్టూ వసారా ఉన్న పొడవాటి ఇల్లు. గేటు లోపల బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆసుపత్రి రోజుల్లో అక్కడ ఆయాగా చేసిందట. ఆసుపత్రి కొత్త చోటికి పోయాక ఆవిడ మాత్రం తాళంచెవులతో పాటు ఇక్కడే ఉండిపోయింది. చెవి వెనక ఆరిపోయిన చుట్ట.

"దెయ్యాన్ని సూడ్డానికొచ్చినారా, సామాన్లు సూడ్డానికొచ్చినారా?" అని అడిగింది. "సామాన్లయితే ముందర. దెయ్యమైతే ఎనకాల."

"పిల్లని సూడ్డానికొచ్చినాను" అంది అత్త.

ఆయా చుట్ట తీసి కొంగున ముడేసుకుంది. "గొడుగిక్కడెట్టండి" అని లేచి ముందు నడిచింది.

వెనకాల వార్డులో ఎనిమిది ఇనపమంచాలు, పరుపుల్లేకుండా. ఎత్తున చిన్న చిన్న గాలికిటికీలు. మాకంటే ముందొచ్చిన నలుగురు కాలేజీ అమ్మాయిలు ఒకరి జడ ఒకరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అత్త లోపలికి వెళ్లి గోడవారన మూడో మంచం మీద కూర్చుంది. "ఇదే" అంది. నేను పక్కన కూర్చున్నాను. ఇనప పట్టీలు చల్లగా ఉన్నాయి.

పన్నెండూ అయిదుకు వినిపించింది. సన్నగా, సాగదీసినట్టు, ఆగి ఆగి. అమ్మాయిలు కెవ్వుమని వసారా మీదుగా గేటు వైపు పరుగెత్తారు. అత్త తల ఒక పక్కకు వంచి కళ్లు మూసుకుని వింది. చాలాసేపు వింది. తర్వాత కళ్లు తెరిచి గాలికిటికీ వైపు చూసింది.

"పావురాయి పిల్లలు" అంది. "ఆకలేస్తన్నట్టుంది ఆటికి."

ఆయా నవ్వింది. "నలుగురికీ సెప్పకండి తల్లీ. ఇది తెలిసిపోతే ఇక్కడికి ఒక్కడు రాడు. ఈ బల్లకాడ నానేటి సెయ్యాలి?"

అత్త కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు చూశాను ఆవిడ మొహం. దెయ్యం లేదని తెలిసి అంతగా దిగులుపడిన మనిషిని మళ్లీ నేనెక్కడా చూడలేదు.

ముందు గదిలో అద్దాల బీరువాలో ఒక వెదురుబుట్ట ఉంది. మూరెడు పొడవు, లోపల పాత దూది. అత్త అక్కడ ఆగిపోయింది. ఇది దేనికని నేను ఆయాను అడిగాను.

"నెల తక్కువ పిల్లలకి. దూదిలో సుట్టి, అటూ ఇటూ ఏన్నీల సీసాలెట్టీవోలం. ఎనకాల వార్డుకి ఎడం పక్కన సిన్న గదుంది సూడు, పొయ్యి అక్కడే ఉండీది. అక్కడెట్టీవోలం."

"సచ్చిన పిల్లల్ని కూడా ఎట్టీవోరా?" అని అడిగింది అత్త. గొంతు మామూలుగానే ఉంది.

"సచ్చిన పిల్లకి ఏన్నీలెందుకమ్మా?" అంది ఆయా.

అత్త నన్ను చెయ్యి పట్టుకుని మళ్లీ వార్డులోకి తీసుకుపోయింది. మూడో మంచం మీద పడుకుంది. అలాగే, చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా. "నువ్వెల్లి ఆ సిన్న గదిలో మాటాడు. గట్టిగా కాదు. సంటిపిల్లకెంత గొంతుంటాదో అంతే. ఇనపడతాదో నేదో సూస్తాను."

వెళ్లాను. ఏం మాట్లాడాలో తోచక ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆపేశాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ లేచి కూర్చుని ఉంది.

"ఏడుకాడ ఆపేసినావు" అంది.

అంటే గోడ అవతలి మాట ఇవతలికి వినిపిస్తుంది. కానీ ఆ రాత్రి గోడ అవతల ఏడ్చింది ఎవరి పిల్ల అన్నది ఇంకా తేలలేదు.

తేల్చగలిగింది ఆ ముందు గదిలోనే ఉంది. ఒక అద్దాల పెట్టెలో కాన్పుల రిజిస్టరు తెరిచి పెట్టారు, దస్తూరీ బాగుందని. మిగతా సంవత్సరాలవి వెనక బీరువాలో. ఆ బీరువా తాళం మ్యూజియం అధికారి దగ్గర. ఆయన భోజనానికి వెళ్లి ఒంటిగంటకు వచ్చాడు. పంచె, కళ్లద్దాలు, చేతిలో పొడుండబ్బా. ముందు కుదరదన్నాడు. "ఇవి ప్రభుత్వ కాగితాలమ్మా, ఎవరు పడితే వారు చూసేవి కావు." నేను ఎస్సెల్సీ పాసయ్యానని, పేజీ చిరక్కుండా తిప్పడం తెలుసని, చేతులు కడుక్కునే వస్తానని చెప్పాను. అత్త వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది, అంతే. కాసేపటికి ఆయనే, "ఏ సంవత్సరం?" అన్నాడు.

సంవత్సరం, తేదీ రైల్లోనే లెక్క కట్టి ఉంచాను. మా ఆయన పుట్టింది 1938లో. ఆ కాన్పు నాటికి ఆయనకు రెండేళ్లు నిండి కొన్నాళ్లయింది. నెలగంట పట్టాక వచ్చిన మొదటి శనివారం రాత్రి అని అత్తకు బాగా గుర్తు. నెలగంట అంటే ధనుర్మాసం మొదలు, డిసెంబరు పదిహేనో పదహారో. ఆ లెక్కన 1940 డిసెంబరు 21. నాకు అనుమానం లేదు.

రిజిస్టరు ఇంగ్లీషులో ఉంది. 21వ తేదీ పేజీ అడుగున ఉంది. ఆ రోజు రెండు కాన్పులు. ఒకటి నెల్లిమర్ల ఆవిడది, ఒకటి విజయనగరం ఆవిడదే. మా ఊరి పేరు లేదు. జాగ్రత్త కోసం ముందు శనివారం చూశాను, తర్వాతి శనివారం చూశాను. వాటిలోనూ లేదు. మళ్లీ 21కి వచ్చి వేలు పెట్టి చదివాను.

"నేదత్తా" అన్నాను.

"నేదా?"

"ఆ రాత్రి నీ పేరే నేదు."

ఆవిడ కొంగు సర్దుకుంది. "పోన్లే. పద, రైలు టైమవుతాది" అంది. అంతే. అధికారి రిజిస్టరు మూసి బీరువాలో పెట్టేశాడు. ఆ తాళం పడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

మూడు గంటలకు స్టేషను చేరాం. తిరుగు రైలు నాలుగూ అయిదుకు. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడన కూర్చున్నాం. జామకాయలమ్మే ఆవిడ వస్తే రెండు తీసుకున్నాను. అత్త వద్దంది.

"ఈ రోజైనా ఏదో ఒకటి తిను అత్తా. పొద్దుట్నించీ కాలీ కడుపు."

"శనోరం కదే."

ప్రతి శనివారం ఆవిడ దీపాలు పెట్టేవేళ ఒక్కపూటే తినేది. వెంకటేశ్వరస్వామికి అనుకునేవాళ్లం ఇంట్లో అందరమూ.

"సామికి కాదు" అంది. "ఆ గుంటకి. పురుడు పట్టనిచ్చినారు కాదు, పేరెట్టనిచ్చినారు కాదు. తిండి మానితే ఎవులడుగుతారు? శనోరం అంటే సామికే అనుకుంటారు. ఆ రాత్రి సూడు, కోడి కూసింది, ఆ ఎనకే గోడ అవతల ఏడుపు. కోడి కూతా, ఏడుపూ, రెండూ నా సెవుల్లోనే ఉన్నాయి. పుస్తకంలో నేదంటే నానేటి సెయ్యను."

"కోడి కూసేకా?"

"మరేటి. తెల్లారగట్ట."

చేతిలో జామకాయ అలాగే ఉండిపోయింది. మనకు తెల్లవారితేనే ఆదివారం. సూర్యుడు పొడవకముందు ఎంత పొద్దయినా అది శనివారం రాత్రే. ఇంగ్లీషువాళ్ల లెక్కలో అర్ధరాత్రి పన్నెండుకే తేదీ మారుతుంది. కోడి కూసే వేళకు రిజిస్టరులో ఆదివారం వచ్చేసి ఉంటుంది. ఇరవై రెండో తేదీ. 21 పేజీ అడుగున ఉంది. మూడు శనివారాలు వెతికాను కానీ, ఆ ఒక్క పేజీ చదవకుండా దాటేశాను. తేదీల విషయంలో నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని, ఆ తప్పు నేనే చేశాను.

"లే అత్తా! నా వల్లే తప్పయింది, లే!"

"ఏటైందే నీకు? పామేదైనా కరిసిందా?"

ఆవిణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయాను. దారి పొడుగునా రిక్షాలో తేదీ సంగతి చెప్పాను. అర్థమైందో లేదో తెలియదు. రిక్షా అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మూడూ యాభైకి గేటు దగ్గర దిగాం. నాలుగింటికి మూసేస్తారు. ఆయా అప్పటికే ఒక తలుపు వేసేసింది. మమ్మల్ని చూసి, వేసిన తలుపు తీసింది. అధికారి చెప్పులు వేసుకుంటున్నాడు.

"అయ్యా, ఒక్క పేజీ" అన్నాను. "ఇందాక చదవని పేజీ."

ఆయన గడియారం చూశాడు, అత్తను చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

1940 డిసెంబరు 22. మొదటి వరసే. మా ఊరు, మా మామగారి పేరు, ఆయన భార్య. తెల్లవారుజాము నాలుగూ పదికి. ఆడ. బరువు నాలుగు పౌన్ల రెండు ఔన్సులు. సజీవం. ఏడుపు అన్న గడిలో, సన్నగా అని. చివరి గడిలో, అయిదు గంటలకు మరణం.

వేలు ఒక్కో గడి మీద పెట్టి, తెలుగులో చెప్పాను. అత్త నిలబడే వింది.

"పేనంతోటే పుట్టింది అత్తా. యాభై నిముషాలు బతికింది. సన్నగా ఏడిసిందట."

"సన్నగా కాదు" అంది అత్త వెంటనే. "గోడ అవతలికి ఇనపడితే సన్నగా ఎలగవుతాది? గట్టిగానే ఏడిసింది. తప్పు రాసినారు. దిద్దమను."

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దిద్దకూడదమ్మా" అన్నాడు మెల్లగా.

"పోన్లెండి. మీకేటి తెలుస్తాది, మీరప్పుడు నేరు కదా." అలా అని ఆవిడ వంగి ఆ వరస మీద అరచెయ్యి పెట్టింది. పుస్తకం ముట్టుకోవద్దని ఆయన అనలేదు. నేను పెన్సిలుతో ఆ వరస మొత్తం నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే. గట్టిగా నొక్కితే ముల్లు విరిగింది. ఆయన తన కలం ఇచ్చాడు.

బయటికొచ్చాక వసారాలో ఆయా అత్త పక్కన నిలబడింది. ముడి విప్పి చుట్ట తీసి, సగానికి తుంచి ఒక ముక్క ఇవ్వబోయింది. అత్తకు ఆ అలవాటు లేదు. అయినా తీసుకుని సంచిలో వేసుకుంది.

స్టేషనుకు వచ్చేసరికి నాలుగూ ముప్పై. మా రైలు వెళ్లిపోయింది. తర్వాతది ఏడు తర్వాత. మళ్లీ ఆ వేపచెట్టు కిందే కూర్చున్నాం. అత్త, "మా అమ్మ అబద్దమాడింది" అంది.

నేను ఆవిడ పక్కకు జరిగాను.

"ఆ యాభై నిముషాలూ అటూ ఇటూ తిరిగింది. నాకాడికొచ్చి 'పక్కావిడ పిల్ల' అనీది. అవతలికెల్లి నా పిల్లని సూసీది. మళ్లీ వొచ్చి అదే మాట. ఎలగ తిరిగిందో ముసల్ది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవులికీ సెప్పకుండా పోయీదాకా మోసింది. పిచ్చిముండ."

దీపాలు పెట్టారు. జామకాయ తీసి ఇచ్చాను. తింది. తింటూ, "మరి ఇన్నేళ్లూ తప్పు రోజున మానీనానేటే తిండి?" అని అడిగింది.

"నేదత్తా. రిజిస్టరుకి ఆదివారం. మనకి శనోరమే."

"అదే మరి" అంది, తృప్తిగా. మనసులో కూడుకుంటూ కూర్చున్నాను: 1940 డిసెంబరు 28 నుంచి ఆ రోజు వరకు 1,417 శనివారాలు. మధ్యలో కాన్పులూ జ్వరాలూ వచ్చి తప్పినవి తీసేయలేదు. అవి ఎన్నో ఆవిడకే గుర్తులేదు.

రైల్లో మా ఎదుట ఒక పెద్దావిడ కూర్చుంది. చీపురుపల్లిలో ఎక్కింది. ఊరేది, కులమేది అన్నీ అడిగాక, "పిల్లలెందరమ్మా?" అంది.

"అయిదుగురు" అంది మా అత్త. "నలుగురున్నారు."

"అయ్యో. ఏ వయసులో పోయింది?"

"యాభై నిముషాలు" అంది. దాచకుండా, తడబడకుండా చెప్పింది. ఆ పెద్దావిడ అత్త మోకాలి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఆమదాలవలస దాకా అలాగే కూర్చున్నారు.

అత్త 1989 జులై 6న పోయింది. చివరిదాకా శనివారాలు మానలేదు, అయిదుగురు అనడమూ మానలేదు. ఆ మ్యూజియం తర్వాత మూతపడింది. ఎప్పుడో నాకు సరిగ్గా తెలియదు. తెలియని తేదీ రాయను. రిజిస్టర్లు చెదలు తినేశాయని విన్నాను. ఆ ఒక్క వరస నా పుస్తకంలో ఉంది.

ఆ రాత్రి పదీ నలభైకి ఇల్లు చేరాక, దీపం దగ్గర రాసుకున్న లెక్క ఇది. పోయినవి: నాలుగూ అయిదు రైలు. మా మామగారి నల్ల గొడుగు, ఆయా బల్ల దగ్గర మరిచిపోయి. పెన్సిలు ఒకటి. ఆడపిల్ల ఒకర్తె, నాలుగు పౌన్ల రెండు ఔన్సులు. ఆ పిల్లను లెక్కలో వేయకుండా గడిచినవి, ఇరవై ఏడేళ్ల ఒక నెల ఇరవై ఆరు రోజులు.